పాత మంచుబండికి కొత్త రంగెందుకు?

పాత స్నోమొబైల్ని "రిస్టోర్" చెయ్యడం అన్న మాటకి మా మిన్నెసోటాలో రెండర్థాలున్నాయి. అర్థాలనడం కన్నా రెండు మతాలనడం నయం. మొదటి మతం వాళ్లు బండిని ఆఖరి నట్టు దాకా ఊడదీసి, తుప్పంతా గీకించి, రంగు కొట్టి, కొత్తగా అచ్చేయించిన స్టిక్కర్లు అంటించి, నిన్ననే ఫ్యాక్టరీలోంచి దిగిందా అన్నట్టు నిలబెడతారు. రెండో మతం వాళ్లు ఇంజను, గొలుసు, బెల్టు, బ్రేకు సరిచేసి, పైనున్న గీతల్నీ సొట్టల్నీ అలాగే వదిలేసి, మంచులోకి తోలుకుపోతారు. నేను రెండో మతం వాణ్ణి. మొదటి మతం వాళ్లతో మూడు నాలుగేళ్లుగా వాదిస్తూనే ఉన్నాను. వాళ్లెలాగూ వినరు కాబట్టి ఇవాళ మీకు చెబుతాను.

స్నోమొబైల్ ఎప్పుడూ చూడని వాళ్లకి ముందు రెండు ముక్కలు. ముందు పక్క రెండు స్కీలు, వెనక ట్యాంకుకున్నట్టు ఒక వెడల్పాటి రబ్బరు పట్టా, మధ్యలో ఇద్దరు కూర్చునే పొడుగాటి సీటు. హ్యాండిల్ తిప్పితే స్కీలు తిరుగుతాయి, ఇంజను పట్టాని తిప్పుతుంది. అంతే. గేర్లుండవు, మన స్కూటీలో లాగా బెల్టే అన్నీ చూసుకుంటుంది. పాతవాటికి రివర్సు కూడా ఉండదు. వెనక్కి తిప్పాలంటే దిగి, తోక పట్టుకుని ఎత్తి తిప్పుకోవాలి.

ఇది సరదా కోసం పుట్టిన బండి కాదు. 1924లో విస్కాన్సిన్‌లోని సేనర్ అనే పల్లెటూళ్లో కార్ల్ ఎలియాసన్ అనే ఆయన, కాలి లోపం వల్ల మంచులో స్నేహితుల వెంట నడవలేక, ఒక చెక్కబల్లకి పడవల మోటారు బిగించుకున్నాడు. కెనడాలోని క్యుబెక్‌లో, వాల్కూర్ అనే ఊళ్లో జోసెఫ్-అర్మాన్ బొంబార్డియే అనే మెకానిక్కు ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి కడుపులో చీము పట్టింది. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయాయి, ఆసుపత్రికి తీసుకెళ్లే దారి లేదు. పిల్లాడు పోయాడు. ఆయన అప్పటికే మంచుమీద నడిచే బండి కోసం కుస్తీ పడుతున్నాడు. ఆ తర్వాత 1937లో ఏడుగురు పట్టే మంచుబస్సు లాంటిది అమ్మకానికి పెట్టాడు, 1959లో చిన్నబండి స్కీ-డూ తెచ్చాడు. (ఆయన పెట్టిన పేరు స్కీ-డాగ్ అనీ, అచ్చుతప్పు వల్ల స్కీ-డూ అయిందనీ అంటారు. అచ్చుతప్పులు కూడా కలిసొస్తాయన్నమాట.) మా మిన్నెసోటా వాళ్లు కూడా తక్కువేం తినలేదు. రోజో అనే ఊళ్లో వ్యవసాయ పనిముట్లు చేసుకునే హెట్టీన్ అన్నదమ్ములూ, డేవిడ్ జాన్సనూ కలిసి పొలారిస్ మొదలెట్టారు. అందులోంచి 1960లో బయటికొచ్చిన ఎడ్గార్ హెట్టీన్ థీఫ్ రివర్ ఫాల్స్‌లో పెట్టిన కంపెనీయే తర్వాత ఆర్కిటిక్ క్యాట్ అయింది.

ఇహ అక్కణ్ణుంచి జాతరే. వందకి పైగా కంపెనీలు దిగాయి. ట్రాక్టర్లు చేసే జాన్ డీర్, మోటార్‌సైకిళ్లు చేసే హార్లే డేవిడ్సన్ కూడా స్నోమొబైళ్లు చేశారంటే చూసుకోండి. 1971 ప్రాంతాల్లో ఉత్తర అమెరికాలో ఏడాదికి దరిదాపు 5 లక్షల బండ్లు అమ్ముడుపోయాయి. 1973లో పెట్రోలు సంక్షోభం వచ్చింది, మంచు సరిగా పడని చలికాలాలు కూడా తోడయ్యాయి, కంపెనీలు వరసగా మూతపడ్డాయి. 1980ల మధ్యకొచ్చేసరికి చెప్పుకోదగ్గవి నాలుగే మిగిలాయి.

కంపెనీలు పోయాయి గానీ బండ్లెక్కడికి పోతాయి? పశువుల కొట్టాల్లో, ధాన్యం గిడ్డంగుల్లో, టార్పాలిన్ల కింద ఇప్పటికీ పడి ఉన్నాయి. అందుకే వీటిని వెతకడం పెద్ద కష్టం కాదు, కాస్త ఓపికుండాలంతే. ఇంటర్నెట్‌లో పెట్టేవన్నీ అమ్మేవాడు ధర తెలుసుకుని పెట్టినవే. అసలైన సరుకు పల్లెటూళ్లలో పశువుల దాణా అమ్మే కొట్టు గోడమీద చేతిరాత చీటీల్లో, పొలాలమ్మేటప్పుడు వేసే వేలంపాటల్లో, శుక్రవారం చర్చిల్లో పెట్టే చేపల విందులో దొరుకుతుంది. నేను చేపలు తినను, బంగాళాదుంపలు తింటూ చెవులప్పగించి కూర్చుంటాను. నాలాంటి మొహం వాడు అలాంటిచోట "మీ ఊళ్లో పాత స్నోమొబైలేవన్నా ఉందా?" అని అడిగితే ముందు ఒక నిమిషం నిశ్శబ్దం, తర్వాత అరగంట ఆగకుండా కబుర్లు.

నాది అలా దొరికిందే. 1970 నాటి స్కీ-డూ ఒలింపీక్, పసుపు రంగు, 335 సీసీ రోటాక్స్ ఇంజను, ఒకటే సిలిండరు. మిల్ లాక్స్ సరస్సుకి కాస్త పైన, ఒకప్పుడు పాడి ఉన్న పొలంలో, 2022 సెప్టెంబరులో. పెద్దాయనకి ఎనభై దాటాయి. కొట్టంలో గడ్డిమోపుల వెనకనుంచి బండి బయటికి లాగేసరికి సీట్లోంచి ఎలుకల సంసారం ఒకటి లేచి వెళ్లిపోయింది.

ఎంతకిస్తారని అడిగాను.

"నడుపుతావా, ముక్కలు చేసి అమ్ముకుంటావా?" అని ఆయన నన్ను ఎదురడిగాడు.

"నడుపుతానండీ."

"అయితే రెండొందల యాభై. ముక్కలకైతే అమ్మను."

ఆ ప్రశ్న ఎందుకడిగాడో ఈ బజారు తెలిసినవాళ్లకి అర్థమవుతుంది. ఇలాంటి బండి మొత్తంగా అమ్మితే మూడొందల డాలర్లు. అదే ముక్కలు చేసి మూత ఒకడికి, ఇంజను ఒకడికి, స్కీలొకడికి, ముందున్న బిళ్ల ఒకడికి అమ్మితే దానికి రెండింతలు వస్తుంది. తమాషా ఏంటంటే, ఆ ముక్కలు కొనేది మా మొదటి మతం వాళ్లే. ఒక బండిని అద్దంలా మెరిపించడానికి మూడు బండ్ల పీనుగులు కావాలి.

ఇహ ఇంజను సంగతి. నలభై ఏళ్లుగా తిరగని టూ స్ట్రోక్ ఇంజన్ని చూసి భయపడే అమెరికా స్నేహితులున్నారు నాకు. మనకేం భయం చెప్పండి? మా బాబాయికి ఎజ్డీ ఉండేది. బంకులో పెట్రోలు పోయించి, కొలతగ్లాసుతో ఆయిలు పోసి, కలవడానికి బండిని అటూ ఇటూ ఊపేవాడు. ఒలింపీక్ కూడా అదే జాతి, పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. ఆ రోజుల్లో 20కి 1 పాళ్లు. ప్లగ్గు ఊడదీసి, సిలిండర్లోకి నూనె పోసి, వారం రోజులు వదిలేసి, మెల్లగా తాడు లాగితే పిస్టన్ కదిలింది. పట్టెయ్యలేదు, అదే అదృష్టం.

ఇక్కడే అందరూ తొందరపడేది. కదిలింది కదా అని కార్బొరేటర్ తుడిచి, పెట్రోలు పోసి స్టార్టు చేసేస్తారు. అది పావుగంట బ్రహ్మాండంగా నడుస్తుంది, తర్వాత పిస్టన్‌కి చిల్లు పడుతుంది. కారణం చిన్నది. టూ స్ట్రోక్ ఇంజన్లో పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం క్రాంకుండే గది గుండానే పైకి పోతుంది, కాబట్టి ఆ గదికి ఎక్కడా గాలి చొరబడే సందుండకూడదు. క్రాంకుకి రెండు పక్కలా ఉండే రబ్బరు సీళ్లు ముసలైపోయి గట్టిపడితే అక్కణ్ణుంచి అదనపు గాలి లోపలికొస్తుంది. గాలెక్కువ, పెట్రోలు తక్కువ, దాంతోపాటు ఆయిలూ తక్కువ. వేడెక్కి పిస్టన్ కరుగుతుంది. దీన్ని కనిపెట్టడం సైకిలు పంక్చరు కనిపెట్టినంత తేలిక. కార్బొరేటర్ పక్కా సైలెన్సరు పక్కా రేకు ముక్కలతో మూసేసి, ప్లగ్గు బిగించి, చిన్న పంపుతో కాస్త గాలెక్కించి సబ్బునీళ్లు రాయడమే. మా బండికి మ్యాగ్నెట్ వైపు సీలు దగ్గర బుడగలే బుడగలు. ఇంజను విప్పి రెండు సీళ్లూ మార్చాను. వీటికోసం స్కీ-డూ పేరుతో అమ్మే డబ్బా కోసమే వెతకనక్కర్లేదు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి చెబితే బేరింగులమ్మే కొట్టువాడు ఐదు నిమిషాల్లో తీసిచ్చాడు.

కార్బొరేటర్ టిల్లాట్సన్ వాళ్లది. దాంట్లో ఫ్లోటు బదులు పల్చటి డయాఫ్రం ఉంటుంది, అదెండి అప్పడమైపోయింది. కొత్తది వేశాను. పెట్రోలు గొట్టాలు కూడా మార్చాను, ఎందుకంటే ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరుని తినేస్తుంది. మిన్నెసోటాలో పెట్రోల్లో ఇథనాల్ కలపడం చట్టం, అయితే ఆ చట్టంలోనే పాత బండ్లకీ, పడవలకీ, స్నోమొబైళ్లకీ మినహాయింపు పెట్టారు. చాలా బంకుల్లో ఇథనాల్ లేని 91 ఆక్టేన్ పంపు ఒకటి విడిగా ఉంటుంది, ఫలానా బండ్లకే కొట్టాలని దానిమీద చీటీ కూడా ఉంటుంది. మన దేశంలో 2025కల్లా 20 శాతం ఇథనాల్ దాకా వెళ్లిపోయాం గానీ, పాత ఎజ్డీలూ ఆర్ఎక్స్ 100లూ ఉన్నవాళ్లకి ఇలాంటి పంపొకటి ఉంచుదామన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. సరే, అది వేరే గొడవ.

ఆఖరున సీబీ పాయింట్లు. సందు 0.4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. మా ఊరి మెకానిక్కు ఫీలర్ గేజ్ ముట్టుకోగా నేను చూడలేదు, జేబులోంచి శుభలేఖ ముక్క తీసి దూర్చి చూసేవాడు. నేను గేజే వాడాననుకోండి, తర్వాత సరదాకి ఇంట్లో ఉన్న ఒక శుభలేఖ మందం కొలిస్తే 0.38 వచ్చింది. మనవాళ్లు ఊరికే అనరు, చెయ్యరు.

నాలుగో లాగుడికి స్టార్టయింది. గ్యారేజంతా నీలం పొగ. మా ఆవిడ తలుపు తీసి తిడుతుందనుకుంటే, కళ్లు మూసుకుని వాసన పీల్చి "మా నాన్నగారి రాజ్‌దూత్!" అని వెళ్లిపోయింది.

ఇంతవరకూ రెండు మతాలకీ తేడా లేదు. తేడా మూత దగ్గరొచ్చింది. ఒలింపీక్ ఇంజను మీద ఫైబర్‌గ్లాసు మూత ఒకటుంటుంది, బండికి మొహం అదే. మా బండి మొహానికి కుడివైపు అరచేతంత అతుకుంది. కాఫీ డబ్బా మూత కత్తిరించి, రివెట్లు కొట్టి, మీద ఏదో పసుపు రంగు పూశారు. ఆ రంగు ఈ రంగుకి కలవదు. నార్త్ బ్రాంచ్‌లో ఏటా సెప్టెంబరులో హే డేస్ అని పెద్ద స్నోమొబైల్ తిరునాళ్లు జరుగుతుంది, పాత సామాన్ల సంత కూడా అక్కడే. ఆ సంతలో పరిచయమైన ఒకాయన నా బండి ఫోటో చూసి, "ముందు ఆ మూత పారెయ్, నా దగ్గర మచ్చలేనిదుంది, నూటయాభైకిస్తా" అన్నాడు. మంచివాడే, ఆయన బండ్లు చూస్తే కళ్లు చెదురుతాయి. నేను మాత్రం ఆగాను. రోజూ చేసే ఉద్యోగం నేర్పిన బుద్ధి అది. ఎవరో ఇరవై ఏళ్ల కింద రాసిన కోడ్‌లో అర్థంలేని నాలుగు లైన్లు కనిపిస్తే, అవెందుకున్నాయో తెలిసేదాకా చెయ్యి పెట్టకూడదు.

2023 ఫిబ్రవరిలో బండిని ట్రైలరెక్కించి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆ ఏడు జంట నగరాల్లో (మన హైదరాబాదూ సికింద్రాబాదూ కాదు, మినియాపొలిసూ సెయింట్ పాలూ) మొత్తం 90 అంగుళాల మంచు పడింది, రికార్డుల్లో మూడో స్థానం. ఆయన వాకిట్లో నడుం లోతు మంచుంది. నేను చోక్ లాగి తాడు అందుకోబోతే పక్కకి జరగమన్నాడు. చోక్ సగం వెనక్కి తోసి, "దీనికంత అక్కర్లేదు" అని తనే లాగాడు. రెండో లాగుడికి అందుకుంది. ఎనభై దాటిన మనిషి! కాసేపు సీటు మీద మోకాలానించి, ఎక్కడికీ పోకుండా, ఇంజను చప్పుడు వింటూ ఉండిపోయాడు.

అతుకు సంగతి అప్పుడడిగాను. 1975 జనవరిలో మిన్నెసోటాని ఒక మంచుతుఫాను మూడు రోజులు కప్పేసింది, ఇప్పటికీ ఇక్కడి పెద్దవాళ్లు చెప్పుకుంటారు. రోడ్లు లేవు, కార్లు లేవు. పక్క పొలంలో ఉండే ఒకావిడ ఊరి ఆసుపత్రిలో నర్సు. ఆవిణ్ణి డ్యూటీకి దింపడానికి ఈయన ఈ బండిమీద బయల్దేరాడు. కంచె గుంజ మంచులో మునిగిపోయి కనపడలేదు, మూత పగిలిపోయింది. దెబ్బలేం తగల్లేదు. ఆవిణ్ణి దింపి వచ్చి, ఆ రాత్రే కాఫీ డబ్బా మూత కత్తిరించి కొట్టాడు, ఎందుకంటే తెల్లారి మళ్లీ వెళ్లి ఆవిణ్ణి తీసుకురావాలి. పసుపు రంగు ఎక్కడిదంటే, ట్రాక్టరు చక్రాలకి వేసేది.

ఇది విన్నాక కూడా ఆ మూత మార్చమనేవాళ్లున్నారు. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. ఫ్యాక్టరీ ఏం చేసిందో ముందు తరాలకి తెలియాలంటే అచ్చం అలాగే ఉన్న బండి ఒకటుండాలి కదా అంటారు. ఒప్పుకుంటాను. ఎలియాసన్ చేతిపని లాంటిదో, పది మిగిలిన మోడలో అయితే మ్యూజియంలో పెట్టండి, నేను కూడా టికెట్టు కొనుక్కుని వచ్చి చూస్తాను. కానీ ఒలింపీక్‌లు వేలకి వేలు చేశారు. ఫ్యాక్టరీలోంచి దిగినప్పుడు అన్నీ ఒకేలా ఉన్నాయి. దేనికదిగా మారింది ఆ తర్వాత వాటితో మనుషులు చేసిన పనుల వల్లే. రంగు కొట్టేవాడు ఆ తర్వాత జరిగిన యాభై ఏళ్లనీ గీకేసి మొదటిరోజు దగ్గర నిలబెడుతున్నాడు. పైగా అంత డబ్బు పోసి మెరిపించాక దాన్ని ఎవడన్నా మంచులోకి దింపుతాడా? వకోనియా సరస్సు మీద జనవరిలో పాతబండ్ల మేళా జరుగుతుంది. అక్కడ సగం బండ్లు ట్రైలర్ల మీద వచ్చి ట్రైలర్ల మీదే పోతాయి, స్కీలకి మంచు అంటకుండా కింద కార్పెట్ ముక్క వేసేవాళ్లని కూడా చూశాను. మంచు తగలకూడని మంచుబండి!

అలాగని నేను అన్నీ పాతవే ఉంచలేదు. బ్రేకు కొత్తది, యాక్సిలరేటర్ తీగ కొత్తది, మనిషి పడితే ఇంజను ఆగిపోయేలా చేతికి కట్టుకునే తాడు స్విచ్చి ఒకటి పెట్టాను, అప్పట్లో దీనికది లేదు. ప్రాణం దగ్గర చరిత్రేమిటి? సరస్సు మీదకి వెళ్లేముందు బొరియ తవ్వి ఐసు మందం కొలుస్తాను కూడా. స్నోమొబైల్‌కి కనీసం ఐదంగుళాల కొత్త గట్టి ఐసుండాలని ఇక్కడి ప్రభుత్వం చెబుతుంది. నేను ఎనిమిది లేందే దిగను.

నడుపుతుంటే ఎలా ఉంటుందంటే.. కొత్త స్నోమొబైళ్లలా పరిగెత్తదు. గంటకి ముప్ఫై మైళ్లు దాటితే ఎముకలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. మెత్తటి మంచులో మలుపు తిప్పాలంటే ఒక మోకాలు సీటుమీద పెట్టి ఒళ్లంతా పక్కకి వాల్చాలి, లేకపోతే అది తన దారిన తాను పోతుంది. ముక్కు తిమ్మిరెక్కుతుంది, చేతులు ఇంజను వేడికి వెచ్చగా ఉంటాయి. రాష్ట్రమంతా కలిపి ఇరవై వేల మైళ్లకి పైగా స్నోమొబైల్ బాటలున్నాయి, చాలావాటిని చూసుకునేది ఊరూరా ఉన్న క్లబ్బుల్లోని వాలంటీర్లే. ఆ బాటల మీద నన్ను దాటిపోయే ప్రతి కొత్తబండివాడూ చెయ్యూపుతాడు. కొందరు ఆగి, "మా నాన్నకి ఇదే ఉండేది" అంటారు. మెరిసే బండిని చూసి ఎంతకి కొన్నావని అడుగుతారు. దీన్ని చూసి ఎవరూ ధర అడగలేదు.

2023-24 చలికాలం ఇక్కడ రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. బండి గ్యారేజీలోంచి బయటికే రాలేదు. 2025 మోడళ్లతో యమహా కూడా స్నోమొబైళ్లకి దణ్ణం పెట్టేసింది. ఇవాళ్టి బండ్లు ఎంతో గొప్పవి, కాదనను, కానీ వాటిలో ఏదన్నా చెడితే డీలర్ దగ్గరున్న కంప్యూటర్‌కి తగిలించాలి. సాఫ్ట్‌వేర్‌కి పదిహేనేళ్ల తర్వాత ఎవరు దిక్కో ఆ వృత్తిలో ఉన్నవాడిగా నాకు బాగానే తెలుసు. శుభలేఖ ముక్కతో మాత్రం అది బాగవ్వదు.

అన్నట్టు, మూత లోపలివైపు ఇంకో సంగతుంది. పెద్దాయన అక్కడ పెన్సిలుతో ప్లగ్గు మార్చిన తేదీలూ, బెల్టు వేసిన తేదీలూ రాసుకున్నాడు. మొదటిది డిసెంబరు 1970, ఆఖరుది మార్చి 1981. మొదటి మతం ప్రకారం చేసి ఉంటే ఇదంతా ఒక గంటలో గీకి పారేసేవాణ్ణి. దాని కిందనే నేనూ రాస్తున్నాను: సీళ్ల కొలతలు, డయాఫ్రం మార్చిన తేదీ, పాయింట్ల సందు. 2025 ఫిబ్రవరిది ఇలా ఉంది: కొత్త ప్లగ్గు, బెల్టు ఇంకా బాగానే ఉంది, చోక్ సగం చాలు.